పైలట్ గారి బూట్లకు నేను రాసిన కొబ్బరినూనె

ఆ రోజుల్లో నా భక్తికి బ్రేకులుండేవి కావు. వయసు ఇరవై. సోమవారం నుంచి శనివారం దాకా అనకాపల్లి మెయిన్ రోడ్డులో సాయిబు గారి చెప్పుల కొట్లో పని, ఆదివారం మా ప్రార్థన మందిరం గుమ్మం దగ్గర చెప్పుల కాపలా. మా సంఘంలో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాం గనుక, వాటిని చూసుకునే సేవను యవ్వనస్థులకు వంతులవారీగా ఇచ్చేవారు. నేను అందరి వంతులూ లాగేసుకున్నాను. (ఎవరూ అడ్డు చెప్పకపోవడం నా మీద గౌరవమనే చాలాకాలం అనుకున్నాను.) కాపలాతో ఆగక చెప్పుల బురద తుడిచేవాణ్ణి, తెగిన పట్టీలు కుట్టేవాణ్ణి. కొట్లో నేర్చిన విద్య దేవుని గుమ్మంలో పనికొస్తుంటే అంతకన్నా ధన్యత ఏముంటుందని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. కాకపోతే, ఇప్పుడు చెయ్యి కాస్త అదుపులో ఉంది.

అది శ్రావణ మాసం. ముందు వారమే మా పాస్టరు అయ్యగారు, ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన సంగతి చెప్పి అందరినీ ఏడిపించారు. నేనైతే వెక్కిళ్లు పెట్టి ఏడ్చి, అలాంటి సేవ నాకూ దొరకాలని వారమంతా ప్రార్థన చేశాను. తర్వాతి ఆదివారం ఉదయం ఏడు గంటల ఆరాధనకు, నిండా బురదతో ఒక నల్ల బూట్ల జత నడిచి వచ్చింది. అందులో ఉన్నాయన హెలికాప్టర్ పైలట్. ఊళ్లో ఒక బెల్లం వ్యాపారి తన కొడుకుని నాతవరం పెళ్లి పందిట్లోకి ఆకాశం నుంచి దింపాలని సరదాపడి, హెలికాప్టర్ అద్దెకు తెప్పించారు. అది కాలేజీ గ్రౌండులో నిలబడి ఉంది. ముహూర్తం పదకొండుంబావుకు. పైలట్ గారు విశ్వాసి కావడంతో, ఎగిరే ముందు ప్రార్థనకు వచ్చారు.

"ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. బూట్లు కాస్త జాగ్రత్త," అని లోపలికి వెళ్లారు.

నేను బురద కడిగాను, ఆరబెట్టాను, పాలిష్ పెట్టాను. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. బూటు తిరగేసి చూస్తే అడుగున రబ్బరు వెలిసిపోయి బూడిదరంగులో ఉంది. మా కొట్లో పాత స్టాకు అడుగులు కొత్తవిలా కనబడటానికి కొబ్బరినూనె పూసి గుడ్డతో రుద్దేవాళ్లం. వెంటనే వెళ్లి అయ్యగారి ఇంట్లో అమ్మగారిని అడిగి సీసా తెచ్చాను. రెండు అడుగులూ అద్దాల్లా తయారయ్యాయి. వాటిలో నా మొహం చూసుకుని దేవుణ్ణి స్తుతించాను.

తొమ్మిదింటికి పైలట్ గారు బూట్లు తొడుక్కుని మెట్టు మీద అడుగు వేశారు. రెండో అడుగు వెయ్యలేదు. జర్రున జారి, సంఘం చెప్పులన్నిటి మధ్యలో కూర్చున్నారు. నిదానంగా కాలెత్తి బూటు అడుగు చూసుకున్నారు.

"ఏం రాశావు బ్రదర్?"

"కొబ్బరినూనండి. ప్రేమతో రాసేనండి."

ఆయన మొహంలో రక్తం లేదు. "నా కాళ్ల కింద రెండు పెడళ్లుంటాయి. వాటితోనే తోకని అదుపులో పెట్టాలి. గాల్లో ఉండగా పాదం జారిందంటే, పెళ్లికొడుకుతో సహా బొంగరంలా తిరుగుతాం."

దేవుని సేవ అనుకుంటూ నేను హెలికాప్టర్ని కూల్చబోయాను! సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను. రబ్బరు నూనె తాగేసింది, ఇంకా జారుతూనే ఉంది. వేరే జత ఆయన దగ్గర లేదు.

"పోనీ ఒట్టి కాళ్లతో నడపకూడదాండి? పరిశుద్ధ స్థలంలో అలాగే కదండి..."

"హెలికాప్టర్ పరిశుద్ధ స్థలం కాదు బ్రదర్."

పైలట్ గారిని వెంటబెట్టుకుని సాయిబు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆదివారం కొట్టు మూసి ఉన్నా, ఆయన ఇల్లు దాని వెనకే. సంగతి విని తల పట్టుకున్నారు. "అరే, కొట్లో పాత స్టాకుకి రాయమన్నాను గానీ మనుసులు తొడుక్కున్నవాటికి రాయమన్నానేట్రా!" అంటూనే షట్టరు లేపారు.

తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో నేను మూడు జతలు దించాను. "పైన సలి కదండి," అని లంబసింగి వెళ్లేవాళ్ల కోసం తెప్పించిన బొచ్చు బూట్లు. వానకు మోకాలిదాకా గమ్ బూట్లు. ఎండాకాలానికి గాలాడేలా వలలా అల్లిన జాలీ బూట్లు. పైలట్ గారు బొచ్చు బూటు చేత్తో వంచబోయారు, అది వంగలేదు. "దీంతో పెడల్ ఎంత తొక్కానో పాదానికి తెలియదు. చలికాలమైనా పల్చటి అడుగే కావాలి, మేజోళ్లు మందంగా వేసుకుంటాం." గమ్ బూట్లను చూసి నవ్వను కూడా నవ్వలేదు. జాలీ బూటు తీసుకుని అగ్గిపెట్టె అడిగారు. ఎందుకో అనుకుంటూ ఇచ్చాను. ఆయన పుల్ల గీసి లేసుకు అంటించారు! అమ్మకానికున్న సరుక్కి నిప్పు పెట్టిన కొనుగోలుదారుణ్ణి నేను అప్పుడే చూశాను, మళ్లీ చూడలేదు. లేసు కరిగి బొట్లుబొట్లుగా రాలింది. "చూశావా? మంటొస్తే ఇది చర్మానికి అతుక్కుంటుంది. ఎండలో నేను కూర్చునే అద్దాల గది పొయ్యిలా ఉన్నా సరే, నాకు తోలే కావాలి. మేజోళ్లు మాత్రం నూలువి వేసుకుంటాను. ఇక వానలో అడుగుకి పట్టుండాలి. అదే నువ్వు తీసేశావు."

ఇంతలో బెల్లం వ్యాపారి కారు దిగారు. "ఏటండీ పైలట్ గారూ! ముగూర్తం దాటిపోతాది. ఏదో ఒకటి తగిలించుకోండి, కొట్టు మొత్తం నేనే కొనేత్తాను!"

"మీ అబ్బాయి మీకు కావాలాండి, వద్దాండి?" అన్నారు పైలట్ గారు. వ్యాపారి స్టూలు మీద కూలబడ్డారు.

సాయిబు గారు ఇంట్లోకి వెళ్లి, గుడ్డలో చుట్టిన జత ఒకటి తెచ్చారు. మెత్తటి తోలు, పల్చటి గరుకు అడుగు, చేతి కుట్టు. "పండక్కి నమాజుకి ఏసుకుందామని కుట్టుకున్నాను. ఇంకా కాలు పెట్టలేదు. తొడుగు బాబూ." దేవుని కృప, ఇద్దరి సైజూ తొమ్మిదే. తర్వాత ఆ పెద్దాయన నేల మీద చతికిలబడి, రెండు అరచేతులూ తడిపి పైలట్ గారి పాదాల ముందు నిలువుగా పెట్టారు. "ఇయ్యే నీ పెడళ్లనుకో. తొక్కు. జారితే సెప్పు."

పైలట్ గారు తటపటాయించారు. "పరవాలేదు, తొక్కు," అన్నారు సాయిబు గారు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. పాదం జారలేదు. వారం రోజులు ప్రార్థించి నేను అడిగిన చోట, అడక్కుండానే సాయిబు గారు కూర్చుని ఉన్నారు.

పదిన్నరకు హెలికాప్టర్ లేచింది. కాలేజీ గోడ పక్కన కళ్లు మూసుకుని, చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా ప్రార్థన చేశాను. పెళ్లికొడుకు వేళకే దిగాడు. సాయంత్రం సాయిబు గారి జత వ్యాపారి కార్లో తిరిగి వచ్చింది. ఎడమ బూటులో రెండు అక్షింతలున్నాయి. సాయిబు గారు వాటిని దులిపి, పండగనాడు ఆ బూట్లే వేసుకుని నమాజుకు వెళ్లారు.

పైలట్ గారు వద్దని వదిలేసిన ఆ నూనె తాగిన జత మాత్రం నాకే మిగిలింది. ఇప్పుడు సొంత కొట్టు పెట్టుకున్నాను, సంఘంలో పెద్దనయ్యాను. అయినా ఆరాధన మధ్యలో ఆకాశంలో ఎక్కడైనా హెలికాప్టర్ చప్పుడైతే, కళ్లు మూసుకునే ఉంటాను గానీ, నాకు తెలియకుండానే ఎడమ అరికాలు పైకి తిప్పి వేలితో తడుముకుంటాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడి తరఫున ఆ పోటు తీసుకుని, మళ్లీ ప్రార్థనలో పడతాను.