కేసెట్ రెండో వైపు

మా క్వార్టర్లో నాకొక సవతి ఉండేది. పాత కంప్యూటర్. చూడ్డానికి ఉత్త కీబోర్డే. దాన్ని టీవీకి తగిలించి టేప్ రికార్డర్లో కేసెట్ పెడితే, అందులోని ప్రోగ్రాం కీచుమని అరుస్తూ లోపలికి ఎక్కేది. తొంభైల్లోకి వచ్చేసరికి దాన్ని తయారుచేసినవాళ్లే మానేశారు. బిలాస్‌పూర్ బజార్లో రిపేరుకి తీసుకెళ్తే నవ్వి పంపేశారు. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసే మా ఆయన మాత్రం ఆదివారం వచ్చిందంటే నన్ను వదిలేసి దాని ముందే కూర్చునేవారు.

అలాంటి పిచ్చివాళ్లు నాగ్‌పూర్లోనూ, ఖరగ్‌పూర్లోనూ ఉండేవారు. దుకాణాల్లో దొరకని ప్రోగ్రాంలు ఒకరికొకరు కాపీ చేసి, తెలిసిన రైలు గార్డు చేతికిచ్చి పంపుకునేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. కేసెట్ అందినవాడు ఇంకొకరికి కాపీ ఇవ్వాలి. రెండు వైపులా ఏముందో, పనికొస్తుందో రాదో చూడకుండా ఉన్నదున్నట్టు ఎక్కించాలి. నేను విసుక్కుంటూనే గార్డులకు టీ ఇచ్చేదాన్ని, కేసెట్లకు పాత చీర ముక్కలు చుట్టేదాన్ని.

మా అమ్మాయి హిందీ గడగడా చదివేది. తెలుగు అక్షరం చూస్తే మొహం తిప్పుకునేది. దానికోసం ఆయనొక ప్రోగ్రాం రాశారు. మీట నొక్కితే తెరమీద తెలుగు అక్షరం చుక్కచుక్కగా గీసుకుంటూ వస్తుంది. ‘న’ దాకా వచ్చారు. పూర్తికాకుండానే ఖరగ్‌పూర్ ఆయన పట్టుబట్టి ఒక కాపీ తీసుకున్నాడు.

మా అత్తకు చదువు రాదు. ఊళ్లో ఉన్న చెల్లెలికి ఆవిడ ఉత్తరమంటే కేసెట్లో మాట్లాడి పంపడమే. ఒక మధ్యాహ్నం ఆ ప్రోగ్రాం కేసెట్ పెట్టి విన్నదట. కీచుమంటే పాడైందనుకుంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూస్తే, అందులో “ఒలే చెల్లీ, మోకాళ్ల నొప్పులు ఎలగున్నాయే” అని అత్త గొంతు.

“ఎందుకు చెరిపావమ్మా?” అన్నారు.

“పాడైపోనాదనుకున్నానురా నాయనా. ఏటి, నా సేత్తోనే ఇలగైపోనాది!” అని కూలబడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండేసి కాపీలు ఉంచుకోండని అందరికీ చెప్పే మనిషి తనది ఒక్కటే ఉంచుకున్నారు. ఊరికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. నాకు ఒళ్లు మండింది. తల్లీకొడుకుల మొహాలు చూస్తే ఏడుపూ వచ్చింది.

ఖరగ్‌పూర్ కబురు పెడితే, అక్కడి కేసెట్‌కు వానల్లో బూజు పట్టిందన్నారు. తన దగ్గర కాపీ తీసుకున్నవాళ్లను అడుగుతానన్నాడు ఖరగ్‌పూర్ ఆయన. అప్పట్నుంచి ఏ గార్డు వచ్చినా అత్తే ముందు గుమ్మంలోకి వెళ్లి “వచ్చిందా బాబూ?” అని అడిగేది.

చలి మొదలయ్యాక ఖరగ్‌పూర్ మీదుగా ఒక కేసెట్ వచ్చింది. తెరమీద ‘అ’ వచ్చింది. ఒక్కొక్కటే నడిచి ‘న’ దాకా వచ్చాయి. ఇంక లేవని తెలిసీ ఆయన మీట నొక్కారు. ‘ప’ వచ్చింది. ‘ఫ’ వచ్చింది. ‘క్ష’ దాకా మిగతావన్నీ ఎవరో కూర్చుని గీసి పెట్టారు. పేరైనా పెట్టుకోలేదు. మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

“ఎవులురా ఆ మారాజు?” అంది అత్త.

“తెలీదమ్మా.”

“ఎవులైతే ఏటి. ఒకలింటి గిన్నె ఖాళీగా తిరిగిత్తామా?” అంటూ టేప్ రికార్డర్ దగ్గరికి జరిగింది.

ఆయన ముందు ప్రోగ్రాంని రెండు కాపీలు తీసుకున్నారు. తర్వాత, ఆ వచ్చిన కేసెట్నే తిప్పి, రెండో వైపేనని ఒకటికి రెండుసార్లు చూసుకుని బటన్ నొక్కారు. అత్త మాట్లాడింది. గార్డు చేతిలో ఆ కేసెట్ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు అత్త కాలం చేసింది. ఇంట్లో ఫోటో ఉంది, గొంతు లేదు. ఆవిడ లేని ఇంట్లో నేను ఎన్నిసార్లు “అత్తా” అని పిలిచి నాలిక్కరుచుకున్నానో.

ఆ తర్వాత నాగ్‌పూర్ నుంచి, మేమెన్నడూ చూడని ఒక మరాఠీ ఆయన మీకు పనికొస్తుందేమోనని ఒక కేసెట్ పంపాడు. పెడితే మన అక్షరాలే. నవ్వుకుని, ఊరికే తిప్పి పెట్టాం.

“బాబూ, నువ్వెవులివో నాకు తెల్దు. నాను సెరిపేసింది నువ్వు నిలబెట్టినావు. సల్లగుండు నాయనా. బిలాస్‌పూర్ వత్తే మా ఇంటికి అన్నానికి రా.”

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, ఉన్నదున్నట్టు ఎక్కించి పంపాడు. మా ఆయన టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదట్నుంచి పెట్టారు. నేనే లేచి బీరువాలోంచి ఖాళీ కేసెట్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

“రెండు తియ్యండి,” అన్నాను.