ఒకే సర్వర్లో మూడు వేరు కాపురాలు

ఆ రోజుల్లో, అంటే నర్సీపట్నంలో ఇంటర్నెట్‌కి ఇంకా కొత్త అల్లుడి మర్యాదలు జరుగుతున్న రోజుల్లో, చేతిలో కంప్యూటర్ డిప్లొమా ఉన్నవాడికి తెలియనిది లేదని ఊరంతా నమ్మేది. ఊరు నమ్మితే నమ్మింది, నేనెందుకు నమ్మానో ఇప్పటికీ అర్థం కాదు. మా చర్చి అయ్యగారు (పాస్టరుగారిని మేమంతా అలాగే పిలుస్తాం) ఒక మాట చెప్పి, ఇళ్లకీ షాపులకీ ఇంటర్నెట్ ఇచ్చే ముగ్గురు అన్నదమ్ముల దగ్గర నన్ను పనిలో పెట్టించారు. చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లకి టవర్లుండేవి. ఆఫీసులో ఒక్కటే సర్వరు. అందులో ఒక సాఫ్ట్‌వేరు, నిమిషానికోసారి ప్రతి టవర్నీ పలకరించి, బదులొస్తే పచ్చగా, రాకపోతే ఎర్రగా చూపించేది. ఎర్రగా కనిపిస్తే నేను ఫోన్ చెయ్యాలి. అంతే నా ఉద్యోగం. హాయిగా జరిగిపోతోంది, నాలుగు నెలలు.

అప్పుడొచ్చింది అన్నదమ్ములకి గొడవ. ఎందుకొచ్చిందని అడిగితే ముగ్గురూ మూడు కారణాలు చెప్పేవారు, మూడూ నమ్మేలాగే ఉండేవి. వేరు పడిపోదామనుకున్నారు. అయ్యగారిని మధ్యలో కూర్చోబెట్టుకుని పంపకాలు చేసుకున్నారు. పెద్దాయనకి టౌను, నడిపాయనకి పాయకరావుపేట వైపు, చిన్నాయనకి రావికమతం, కొండ మీద కొయ్యూరు. ఆఫీసుకి అడ్డంగా ప్లైవుడ్ గోడలు లేచాయి. నిచ్చెనలు మూడుండబట్టి బతికిపోయాయిగానీ లేకపోతే వాటినీ కోసేవారు. చివరికి మిగిలింది సర్వరు. ఇంకో రెండు కొనడానికి ముగ్గురికీ మనసు లేదు. ఒకరి లైన్లు ఇంకొకరి కంటపడకూడదని మాత్రం ముగ్గురికీ గట్టి పట్టుదల. ఈ ఒక్క విషయంలోనే వాళ్లకి ఐకమత్యం. ఏం చేద్దాం బాబూ అని అయ్యగారు నన్నడిగారు. తెలియదనో, కనుక్కుని చెబుతాననో అనొచ్చుగా? అనలేదు. ఒకే మిషన్లో అదే సాఫ్ట్‌వేర్ని మూడుసార్లు, వేటికవే నడిపిస్తానండీ అన్నాను, ఏదో రోజూ చేసే పనిలాగ.

"నీ మాట మీద వీళ్లకి నేను మాటిస్తున్నాను," అన్నారు అయ్యగారు. "తేడా వస్తే నీకు ఇక్కడ పనుండదు బాబూ, నాకు వీళ్ల గుమ్మం తొక్కే మొహం ఉండదు."

పాత ఫోల్డర్ని మూడు కాపీలు చేశాను. ఒక్కోదాంట్లో పేర్లు మార్చాను, టవర్ల జాబితాలు మార్చాను, పాస్‌వర్డులు మార్చాను. ముగ్గురి గదుల్లోనూ మూడు తెరలు వెలిగాయి. ఆ పూట భోజనం కూడా ఎక్కువే తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. ప్లైవుడ్ గోడకి ఇవతల నేనుంటే, అవతల్నుంచి ఫోన్ (గట్టిగా మాట్లాడితే తమ్ముడు వింటాడని). పెద్దాయన తెర మీద పాయకరావుపేట కనిపిస్తోందట. పరిగెత్తుకెళ్లి చూస్తే టౌను లైన్లే, పద్ధతిగా ఉన్నాయి. వెనక్కొచ్చి కుర్చీలో కూర్చోగానే నడిపాయన, తనకి కొయ్యూరు కనిపిస్తోందని. వెళ్తే అదీ మామూలుగానే ఉంది. నేను వెళ్తే సరిగ్గా ఉండటం, వెనక్కి తిరిగితే మారిపోవటం! వీళ్లకి కళ్లజోళ్లు కావాలని మనసులో తిట్టుకున్నాను. ఇంతలో ఒకరి మీద ఒకరికి అనుమానాలు. నా లైన్లు వాడు దొంగచాటుగా చూస్తున్నాడని పెద్దాయన, నువ్వే డబ్బాశకి వాళ్లకి చూపిస్తున్నావని నా మీద నడిపాయన. ఒళ్లు మండి, మొత్తం తుడిచేసి మొదట్నుంచీ మళ్లీ పెట్టాను. ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టాను? ఆ పాత ఫోల్డర్నుంచే. తప్పుని ఎంతో శ్రద్ధగా ఇంకో మూడు కాపీలు తీశానన్నమాట. ఆదివారం చర్చిలో అయ్యగారి కంట పడకుండా ఎటునుంచి బయటపడాలా అని అప్పుడే లెక్కలు వేసుకోవటం మొదలుపెట్టాను.

రెండోరోజుకి మిగతా ఇద్దరూ అరుస్తూనే ఉన్నారుగానీ, పెద్దాయన ఎందుకో చల్లబడ్డారు. ఒక్కడైనా నన్ను నమ్మాడు కదా అనుకున్నాను. మూడోరోజు ఆయన నా గదిలోకొచ్చి తలుపు దగ్గరకేశారు.

"కొయ్యూరుది ఎర్రగా ఉన్నాది. ఆడు సూసుకోనేదు లాగుంది. బేగి సెప్పు ఆడికి," అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "నాను సెప్పినానని సెప్పకు."

చిన్నాయన గదికి వెళ్తే ఆయన తెరంతా పచ్చగా ఉంది, కాకపోతే ఆ పచ్చ పెద్దాయన టౌను లైన్లది. ఆయన రంగు తప్ప పేర్లు చూడకుండా నిశ్చింతగా టీ తాగుతున్నారు. టవరు పడిపోయిందండీ అంటే నమ్మలేదు. కొయ్యూరుకి ఫోన్ చేసి కనుక్కుని, గ్లాసు అక్కడే పెట్టేసి జీపెక్కారు. నేను ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను. అది నా కళ్లముందే మారి పాయకరావుపేట లైన్లు చూపించింది, ఇంకాసేపటికి ఎర్రగా కొయ్యూరుది. అప్పుడు తట్టింది. ఆ సాఫ్ట్‌వేరు తను చూసిందంతా ఒక ఫైల్లో రాసుకుంటుంది, తెర ఆ ఫైలు చదివి చూపిస్తుంది. నేను అన్నీ మార్చి ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే ఒక్క లైను మార్చలేదు. మూడూ ఒకే పలక మీద, ఒకటి రాసింది ఇంకొకటి చెరిపి రాస్తున్నాయి. మూడు రోజులు ముగ్గురు పెద్దమనుషుల్ని గుడ్డివాళ్లని చేసిన ఘనత ఆ లైన్ది (నాది అనాలి). పది నిమిషాల్లో మార్చేశాను.

ఇక ఏ తెరలోనూ తేడా రాలేదు. శనివారం అయ్యగారు వచ్చి మూడు గదులూ తిరిగి చూశారు. సర్వరు మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన కూడా చేశారు. నా పని నిలబడింది, ఆయన మాట నిలబడింది. ఛాతీ పొంగిపోయింది నాకు.

సోమవారం పెద్దాయన మళ్లీ వచ్చి తలుపు దగ్గరకేశారు.

"ఇప్పుడు నాది నాకే అగుపడతంది," అన్నారు.

అవునండీ, ఇక పొరపాటు జరగదండీ అన్నాను ఉత్సాహంగా. ఆయన వెళ్లలేదు. టేబుల్ మీదున్న వైరు ముక్క తీసి వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు.

"కొయ్యూరుది అప్పుడప్పుడూ వచ్చినా పరవానేదు బాబూ. నానెవరికీ సెప్పను. కొండ మీద టవరు, ఆడొక్కడే సూసుకోవాల."

నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, అలా కుదరదండీ, అయ్యగారికి మాటిచ్చాను, ఎవరిది వాళ్లకే కనిపించాలి అని చెప్పాను. చెప్పటమే కాదు, ఫైలంటే ఏమిటో, ఏది ఎక్కడ రాసుకుంటుందో పావుగంట వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బాగా సేసినావులే," అని వైరు ముక్క టేబుల్ మీద పెట్టేసి వెళ్లిపోయారు.

తర్వాత ఎన్నో ఊళ్లలో, ఎంతోమంది కోసం, ఒక్కో మిషన్లో పదేసి కాపీలు నడిపాను. ఆయన అడిగింది చెయ్యాలంటే ఆయన జాబితాలో ఒక్క టవరు పేరు చేర్చితే చాలు, అర నిమిషం పని. అప్పుడు చేర్చలేదు. పైగా ఆ "బాగా సేసినావులే" నిజంగా మెచ్చుకోలే అనుకుని, సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను.