పొట్టి కాళ్ల కుర్చీ

సింగపూర్‌లో ప్రతి కొట్టువాడికీ వెబ్‌సైట్ పిచ్చి పట్టిన రోజులవి. ఆఫీసులో అందరికీ బ్యాంకుల పని దొరికితే, నా వంతుకు జపాన్ కుర్చీల దుకాణం వచ్చింది. పైకి నవ్వాను గానీ లోపల మండిపోయింది.

ఆ కుర్చీలు రూపొందించిన జపాన్ డిజైనర్ జీవితాన్ని ఒక పేజీలో పెట్టాలి. ఆయన పెరిగింది చాపలు పరిచిన ఇంట్లో, నేర్చుకున్నది పాశ్చాత్య కుర్చీల పని. యుద్ధం తర్వాత ఇళ్లలోకి కుర్చీలు వచ్చి చేరుతుంటే ఆయనకొకటి నచ్చలేదట. కుర్చీలో ఉన్నవాళ్లు చాప మీద ఉన్నవాళ్లను కిందికి చూస్తున్నారు. అందుకని ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తుకు వచ్చేదాకా కుర్చీ కాళ్లు తగ్గించుకుంటూ పోయాడు. చాప నలగకుండా కాళ్ల కింద అడ్డపట్టీలు వేశాడు. తర్వాతివాళ్లంతా ఆయన దారే పట్టారు. ఈమాత్రానికే ఇంత పేరా అనుకున్నాను.

నేను యీషున్‌లో ఒక అంకుల్ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఆంటీ పోయాక ఆయనొక్కడే. నడుము నొప్పి వల్ల టేబుల్ దగ్గర తినేవాడు. కాళ్లు వేలాడేసుకుని తింటే నాకు తిన్నట్టుండదు, అదే హాల్లో నేల మీద కూర్చునేవాణ్ణి. తింటున్న నన్నే చూసి "మకాన్ ఆయిందా?" అని మలయ్ మాటతో భోజనం సంగతి అడిగేవాడు. ఇంకేం కదిపినా, ఇక్కడివాళ్ల తోకమాట తగిలించి "సరే లా", అంతే. అన్నం తింటూ ఒక మనిషితో నాలుగు మాటలు మాట్లాడాలని ప్రాణం కొట్టుకుపోయేది.

ఫొటోల కోసం తెచ్చిన కుర్చీ ఒకటి గీసుకుపోయిందని దుకాణం వాళ్లు వెనక్కి వద్దన్నారు. టాక్సీలో ఇంటికి తెచ్చేశాను.

"ఇదేంటి, పిల్లకాయల కుర్చీనా?" అన్నాడు అంకుల్. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కంచం అందించి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మొదటిసారి ఆయన ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంది. ఇవాళైనా మాట్లాడతాడని ముద్ద కలపకుండా ఎదురుచూశాను.

"మీ ఆంటీ కూడా అక్కడే కూచుని తినేది," అన్నాడు. "నేను టేబుల్ కాడ. పైనుంచి దాని పాపిడే కనబడేది లా. తినేటప్పుడు మొకం ఎట్టా ఉంటదో చూడనే లేదు."

ఆయన నా వైపే చూస్తున్నాడు. నన్ను మాత్రం చూడటం లేదు.