మార్తక్కా, నీ రాయిని కుక్క ఎత్తుకుపోలేదు

నిన్న పొద్దున తాండూరులో మా రాళ్ల డిపో ముందు లోడ్ దింపిస్తున్నాను. ఫోన్ మోగింది. రూతు. మార్తక్క చెల్లెలు.

"అన్నా, అక్క పోయింది."

"ఆఁ, సరే" అని పెట్టేశాను. గిరాకీకి చెప్పినట్టు. రెండు నిమిషాల తర్వాత ఆ రాళ్ల మీదే కూలబడిపోయాను.

ఇవ్వాళ మధ్యాహ్నం అక్క ఊరు బషీరాబాద్‌లో మట్టి అయింది, సమాధి చేశాం. ఇప్పుడే వచ్చాను. షట్టర్ సగం దించి టైప్ చేస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోవద్దు.

మార్తక్క తెలియనివాళ్లకి చెప్తున్నాను. బడిలో నాకు సీనియర్. పన్నెండేళ్లు ఐర్లాండ్‌లో నర్సు. నాలుగేళ్ల కింద ఊరికొచ్చి చెల్లెలితో ఉంటోంది. చుట్టుపక్కల షుగర్ అయినా బీపీ అయినా ముందు అక్క దగ్గరికే. చూసి, తిట్టి, ఆటో ఎక్కించి హాస్పిటల్‌కి పంపేది.

వస్తూ వస్తూ అక్కడి నుంచి ఒక పండగ తెచ్చుకుంది. సావిన్. అక్టోబర్ ఆఖరి రోజు. కోతలు అయిపోయి చలి మొదలయ్యే ఆ ఒక్కరోజు చనిపోయినవాళ్లు ఇంటికొచ్చి పోతారని అక్కడి పాత నమ్మకమట.

ఊళ్లో కొందరు బాణామతి అన్నారు. పాస్టర్ గారు పిలిచి అడిగారు కూడా. "వాళ్ల పెత్రమాస అయ్యగారు. పోయినోళ్ల పేరు మీద మనోళ్లు బియ్యమిస్తరు, వాళ్లు ప్లేటు పెడ్తరు, గంతే" అని నవ్వేసిందట.

వాళ్ల కంది చేను పక్క బీడులో పొద్దుగూకే ముందు మంట. ఐదారుగురం. పోయినవాళ్ల కోసం ఒక ప్లేటులో జొన్నరొట్టె, పప్పు.

ఒక్కొక్కరం మన ఇంట్లో పోయినవాళ్ల పేరు చెప్పాలి. వాళ్లు ఉండుంటే ఈ ఏడాది మనల్ని ఏమనేవాళ్లో కూడా చెప్పాలి. నేను మా నాయన పేరు చెప్పి, "జర నోరు మూసుకో అనేటోడు" అన్నాను. అక్క కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

ఆ తర్వాత మంట ఆరేదాకా ఎవరం మాట్లాడొద్దు. అంతసేపు నేను ఊరుకోవడం నాకే వింత. ఎవరికి ఏం బాకీ పడ్డ మాటలున్నాయో అవన్నీ గుర్తొచ్చేవి.

ఆఖర్న తలా ఒక రాయి మీద ఎవరి పేరు వాళ్లు రాసి, పేరు కిందికి ఉండేలా మంట చుట్టూ పెట్టి ఇంటికి పోవాలి. పొద్దున ఎవరి రాయి కనపడదో వాళ్లకి అదే ఆఖరి ఏడాది అంటారట. అక్కడ అక్క చూసుకున్న ఒక ముసలాయన రాయి అట్లానే కనపడలేదట. ఆ చలికాలమే పోయాడట. అది చెప్పేటప్పుడు మాత్రం అక్క నవ్వేది కాదు.

రాళ్లు నా డిపోవే. పాలిష్ కొట్టగా మిగిలిన ముక్కలు.

పోయినేడాది పండగ మర్నాడు పొద్దున్నే, నా టార్పాలిన్ తెచ్చుకుందామని అందరికన్నా ముందు వెళ్లాను. బూడిద పక్కన ఒక ముక్క. నీలం మీద సన్నని పసుపు చార. మర్పల్లి గిరాకీ ఒకాయన వంటింటికి అచ్చం ఆ రంగే కావాలని వారం నుంచి తిప్పుతున్నాడు. శాంపిల్‌కి పనికొస్తుందని జేబులో వేసుకున్నాను.

పండగ సంగతే తట్టలేదు. రాయి కనపడితే రంగు చూసే బుద్ధి నాది.

మర్పల్లిలో మేస్త్రీకి ఇస్తూ తిప్పితే కింద 'మార్త' అని ఉంది. నవ్వుకున్నాను. అక్కకి చెప్దాంలే అనుకున్నాను. మేస్త్రీ దాన్ని వంటగట్టు మూలలో సిమెంటు వేసి అతికించేశాడు.

తర్వాత కలిసినప్పుడు అక్కే అంది, "నా రాయి పోయింది తమ్మి. కుక్క ఎత్కపోయిందో ఏమో."

తిరిగి ఇవ్వడానికి నా దగ్గర రాయి లేదు. మొహమాటం. "కుక్కనే ఉంటదక్కా" అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశాను.

ఎండాకాలంలో అక్కకి ఆయాసం మొదలైంది. కాళ్లు వాచాయి. పది అడుగులేస్తే కూర్చునేది. అందర్నీ ఆటో ఎక్కించిన మనిషి తను మాత్రం ఎక్కలేదు. రూతు ఏడ్చింది. నేను కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాను. హైదరాబాద్ పోదాం, గుండె డాక్టర్‌కి చూపిద్దాం అని బతిమాలాను.

"ఎందుకు తమ్మి. నా రాయి పోయిన్నాడే నాకు తెల్సు."

అప్పుడు చెప్పాను. కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. జేబు, మర్పల్లి, మేస్త్రీ, అన్నీ.

అక్క నా తల మీద చెయ్యి పెట్టింది. "నేను గూడ పేషెంట్లకు ధైర్యానికి గిట్లనే చెప్తుంటి. మంచిగ చెప్పినవ్ తమ్మి."

నమ్మలేదు.

మర్పల్లి ఆయనకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అవునమ్మా, నిజమే అన్నాడు ఆయన. "నీ గిరాకీకి గూడ నేర్పినవా?" అని నవ్వింది.

మర్నాడు మర్పల్లి పోయాను. ఆయన్ని బతిమాలి గడ్డపారతో ఆ మూల పగలగొట్టించాను. రాయి మూడు ముక్కలై వచ్చింది. కింద అంతా సిమెంటు. గీకాను, కడిగాను, యాసిడ్ పోశాను. పేరు లేదు.

అయినా పట్టుకొచ్చి ఒళ్లో పెట్టాను.

"నీ డిపోల గిసొంటియి లారెడు ఉన్నయ్ గద తమ్మి" అంది. కోపంగా కాదు. ప్రేమగా. అదే తట్టుకోలేకపోతున్నాను.

ఇవ్వాళ మట్టికి మన ఊరి డాక్టర్ కూడా వచ్చాడు. పక్కకి పిలిచి అడిగాను. "ముందే తీసుకొస్తే ఏదో ఒకటి చేసేవాళ్లం" అన్నాడు.

రూతుకి మొత్తం మళ్లీ చెప్పాను. తిడుతుందేమో అని చూశాను. "టీ తాగి పో అన్నా" అంది.

మీకు కూడా అందుకే చెప్తున్నాను. కామెంట్లలో 'నీ తప్పేం లేదు' అని రాయకండి, ప్లీజ్. ఆ మాట అనాల్సిన మనిషి లేదు.

మార్తక్కా, నీకు ఏ పిలుపూ రాలేదు. నీకింకా టైం ఉండింది. రాళ్లమ్ముకునే ఒక బుద్ధిలేనోడు జేబులో వేసుకున్నాడు, అంతే జరిగింది.

ఇప్పుడైనా నమ్మక్కా.

ఇక ఆయాసం లేకుండా నిద్రపో.