సార్ నీళ్ళు తాగేదాక

సార్ పోయిండ్రన్న మాట అమ్మనే ఫోన్ చేసి చెప్పింది. అమ్మంటే నన్ను కన్న మా అవ్వ కాదు, సార్ భార్య. సార్ దగ్గర చదువుకున్నోళ్ళమంత ఆమెను గట్లనే పిలుస్తం. బోథ్‌ల మా బడి గంట అప్పుడే కొట్టిండ్రు, పిల్లలు ప్రార్థనకు వరుసల నిలబడుతున్నరు. "బిడ్డా, సార్ లేస్త లేరు" అన్నది. లేస్త లేరంటే ఏందో నాకు సమజైంది, అయినా ఇంకేమన్న చెప్తదేమోనని ఆగిన. నేనేమన్న అంటనేమోనని ఆమె ఆగింది.

బోథ్ నుంచి నిర్మల్‌కు ఒక బస్సు, నిర్మల్ నుంచి కరీంనగర్‌కు ఇంకో బస్సు. నేను పోయేసరికి చర్చిల ప్రార్థన అయిపోయింది, సమాధుల తోటల మన్ను వేస్తున్నరు. నేనూ ఒక పిడికెడు వేసిన. పక్కన నిలబడ్డ పెద్దమనిషెవరో, మాట లేకుంట గన్ని దినాలు బతుకుడు కన్న గిదే నయం అన్నడు. నన్ను ఓదార్చుదామనే అన్నడు, ఎరుకే. కాని నాకు మస్తు కోపమొచ్చింది. నయమెట్లైతది? సార్ నోటెంట ఒక్క మాట తెప్పియ్యాలని అమ్మ, నేను ఎంత ఆరాటపడ్డమో ఆయనకేం తెలుసు? ఆ మాట రానే రాలే. ఆ బాధకే ఇది రాస్తున్న. చదివేటోళ్ళను ఓదార్చే తెలివి నా దగ్గర లేదు, ముందే చెప్తున్న.

సార్ కరీంనగర్‌ల ఎం.ఎడ్. చదివేటోళ్ళకు పాఠం చెప్పేటోళ్ళు. పిల్లల మనసు ఎట్ల నేర్సుకుంటదన్నది ఒక సబ్జెక్టు, నేర్పేతందుకు రేడియో నుంచి ట్యాబ్ దాక మిషన్లను ఎట్ల వాడుకోవాలన్నది ఇంకో సబ్జెక్టు. రెండూ సార్‌వే. నేను అప్పటికే టీచర్ను, సెలవు పెట్టి మల్ల చదువుకుంటనంటే మా బాపుకు నచ్చలే. బాపు మంచిర్యాల దిక్కు బొగ్గు బాయిల పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలు ఎట్ల నేర్సుకుంటరో కూడ చదవాల్నా, నీకు మాటలు నేర్పిన మీ అవ్వ ఏం చదివింది అని అడిగిండు. ఆ మాట పోయి సార్‌కు చెప్పిన, నవ్వుతరేమోనని. సార్ నవ్వలే. "మీ బాపు మంచి ప్రశ్న అడిగిండమ్మా. తొందరపడి జవాబు చెప్పకు" అన్నరు. ఇప్పటిదాక చెప్పలే. బాపు కూడ మల్ల అడగలే.

మొదటి క్లాసుల సార్ వచ్చుడు వచ్చుడే, మా పేర్లు గీర్లు అడగకుంట ఒక ప్రశ్న వేసిండ్రు. ఒక సంగతి మర్చిపోయినమంటే అది మనసులకెల్లి పోయినట్టా, లోపట్నే ఉండి దొరకనట్టా అని. అడిగి, బల్ల మీది స్టీలు బాటిల్ మూత తీసి, నిమ్మలంగ నీళ్ళు తాగి, మల్ల మూత పెట్టిండ్రు. మేము ఒకరి మొకం ఒకరు చూసుకున్నం. మూత పెట్టినంక కూడ ఎవ్వరం నోరు తెరవకపోతే మల్ల తాగిండ్రు. ప్రతి ప్రశ్నకు ఇదే తంతు. మా క్లాసుల ఒకాయన, సార్‌కు షుగరున్నట్టుంది పాపం, ఊకె దూపైతున్నది అని నా చెవుల చెప్పిండు. నేను నమ్మిన. మెంతులు నానబెట్టుకొని తాగుమని సార్‌కు చెప్దామా అని కూడ మాట్లాడుకున్నం, నవ్వకుండ్రి.

తర్వాత తెలిసింది. మేం టీచర్లం ప్రశ్న అడిగి ఊపిరి తీసుకునేంత సేపు కూడ ఆగం. మేమే జవాబు చెప్పేస్తం, లేకుంటే చెయ్యెత్తిన పిల్లను లేపుతం. ఇంకా ఆలోచించుకుంటున్న పిల్ల ఆడనే ఉండిపోతది. ఇది మా పుస్తకాలల్ల ఉన్నదే, అందరం చదివినం, పరీక్షల రాసినం, క్లాసుకు పోయినంక మర్చిపోయినం. సార్ మర్చిపోలే. "నాక్కూడ నోరు ఆగదమ్మా. నోట్లె నీళ్ళుంటే మాట రాదు గదా, అందుకే గీ బాటిల్" అన్నరు ఒకనాడు.

నేను డిసర్టేషన్ కోసం బోథ్ దిక్కు పిల్లలకు ట్యాబ్ పాఠాలు తయారు చేసిన. మా పిల్లలల్ల చానమంది ఇంట్ల గోండి మాట్లాడుతరు, సంతల మరాఠీ వింటరు, బడికొస్తే తెలుగు. ట్యాబ్‌ల బొమ్మ కనపడుతది, ప్రశ్న వినపడుతది, పిల్ల జవాబు చెప్పాలె. అంతే పాఠం. ముందు నా గొంతే పెట్టిన. సార్ విని, బస్సు దాటిపోతున్నట్టు ఉరుకుతున్నవేందమ్మా అన్నరు. ఇగ సార్ గొంతే పెట్టాలని పట్టుబట్టిన. సార్ ఇంట్ల ఎనుక రూంల, కిటికీలకు బొంతలు కట్టి రికార్డు చేసినం. మధ్యల కుక్కర్ కూతపెడితే సార్ అమ్మను పేరు పెట్టి కేకేసేటోళ్ళు, జర పొయ్యి ఆర్పుమని. పెండ్లైనకాడ్నుంచి సార్‌కు అదే అలవాటు, గేటు తీయంగనే ఆమె పేరు పిలిచినంకనే చెప్పులు ఇడిచేది.

రికార్డింగును సాపు చేసిన స్టూడియో ఆయన కుక్కర్ కూతలు తీసేసిండు, సార్ కేకలు తీసేసిండు, ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ ఖాళీలు కూడ తీసేసిండు. సార్ విని ఒప్పుకోలే. "పాఠమంత ఆ ఖాళీలల్లనే ఉన్నది నాయినా, నా మాటలల్ల లేదు" అన్నరు. ఖాళీలు మల్ల పెట్టిచ్చిండ్రు. వాటితోని చప్పుళ్ళూ వచ్చినయి. టక్కున మూత తీసుడు, గుటక, టక్కున మూత పెట్టుడు.

ఇంకో లొల్లి శభాష్ కాడ అయింది. ప్రతి ఖాళీ తర్వాత సార్ శభాష్ అనాలని నేను రాసుకొచ్చిన. ఫోన్ల వచ్చే పాఠాలన్నిట్ల గట్లనే ఉంటది, చప్పట్లు, చుక్కలు. సార్ అన్నిటినీ కొట్టేసిండ్రు. "పిల్ల ఏం చెప్పిందో గీ మిషన్ విన్నదా? వినకుంట మెచ్చుకునుడు అబద్ధం గదమ్మా. మెచ్చుకోవాల్నంటే నువ్వు పక్కన కూసో" అన్నరు. అందుకే మా పాఠాలల్ల మూత పెట్టిన చప్పుడైనంక సార్ గొంతు ఒక్కటే అంటది, "సరే, ఇంకోటి చూద్దాం" అని.

బడిల మా పిల్లలు ఆ చప్పుళ్ళు కూడ పాఠమే అనుకున్నరు. మొదటి టక్ వినపడంగనే గప్‌చుప్ అయ్యేది, రెండోది కాంగనే జవాబు ఒర్లేది. నేను ఉత్తగ పాఠం చెప్తున్నప్పుడు తొందరపడితే, ముంగట కూసునే పిల్ల ఒకామె నాలికతోని టక్ అంటది, ఆగు టీచర్ అన్నట్టు. ఫోన్ల చెప్తే సార్‌కు నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఇగ నేను రిటైరైనా ఫికర్ లేదు పో అన్నరు.

రిటైరైనంక సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. మనం అనేది అంత సమజయ్యేది, నోట్లె మిగిలింది మాత్రం "అదే" అన్న ఒక్క మాట. అన్నం కావాల్నన్నా అదే, ఫ్యాన్ బందు చేయాల్నన్నా అదే, మా బాపు ఎట్లున్నడని అడగాల్నన్నా అదే. మాటలు లోపట్నే ఉన్నయి, బయటికొచ్చే తొవ్వ తెగిందని డాక్టరు చెప్పిండట. మొదటి క్లాసుల సార్ అడిగిన ప్రశ్న యాదికొచ్చింది. దానికి జవాబు ఇట్ల దొరుకుడేందని మస్తు ఏడ్చిన.

మాట నేర్పే డాక్టరమ్మ వచ్చి, కసరత్తులు చేయిచ్చి, ఆమె చేయగలిగింది ఆమె చేసింది. ఇగ అమ్మ నన్ను పట్టుకున్నది. "నీ చదువే అది గదా బిడ్డా. తెలుగు రాని పిల్లలతోని మాట్లాడిపిచ్చినవ్. సార్‌తోని నా పేరు ఒక్కసారి పిలిపియ్యి, ఇంకేమొద్దు నాకు" అన్నది. నా చదువు అది కాదమ్మా అని చెప్పి చూసిన. పిల్లలు కొత్త మాట నేర్సుకునుడు వేరు, తొవ్వ తెగిన మాటను తెచ్చుకునుడు వేరు అని చెప్పిన. ఆమె వినలే. చేతనై కూడ చేస్తలేననుకున్నదో ఏమో, ఒక తీరుగ చూసింది. ఏం జెయ్యాలె? సెలవు దొరికినప్పుడల్ల ట్యాబ్ సంచిలేసుకొని బస్సెక్కిన.

మొదటిసారి సార్ మంచం మీద ట్యాబ్ పెట్టి నొక్కంగనే సార్ గొంతే వచ్చింది, "ఇదేందో చెప్పుండ్రి" అని. సార్ ఉలిక్కిపడి చూసిండ్రు. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పలేక, పెదవులు కూడదీసుకొని, "అదే... అదే..." అన్నరు. గబగబ గొంతు బందు చేసిన. తర్వాత నుంచి బొమ్మ చూపెట్టి నేనే అడిగేది. మాట అందేతందుకు సార్ క్లాసుల చెప్పిన ఆసరాలన్నీ పెట్టిన. చెంబు బొమ్మ చూపెట్టి, మొదటి అక్షరం "చె" అని అందిచ్చి, ఆగేదాన్ని. సార్ మొకమంత ఎర్రగయ్యేది, మెడ నరాలు లేచేది. వస్తది వస్తది అనుకునేటప్పటికి పక్కనుంచి అమ్మ ఆగలేక, చెంబు అనుండ్రి, చెంబు, అనేది. సార్ ఎడమ చెయ్యితోని మంచం కొట్టేటోళ్ళు. అమ్మ కండ్లు తుడుసుకొని వంటింట్లకు పోయేది. ఆమెను ఏమనాలె? ఆగుమని నేర్పేతందుకు కూడ నాకు నోరు రాలే.

కొన్నాళ్ళకు బొమ్మ చూపెడితే సార్ గోడ దిక్కు తిరుగుడు మొదలుపెట్టిండ్రు. దీన్ని మా పుస్తకాలల్ల నేర్సుకున్న నిస్సహాయత అంటరు. ఎంత ప్రయత్నం చేసినా కానప్పుడు, నేను ఏం చేసినా ఇంతే అని మనసు నేర్సుకుంటది, ఇగ చేతనయ్యేది కూడ చెయ్యదు. పిల్లలను ఆ మెట్టు దాక పోనియ్యొద్దని సార్ మాకు మల్ల మల్ల చెప్పేటోళ్ళు. నేను సార్‌కే దాన్ని నేర్పుతున్ననా? బంద్ చేస్తే అమ్మ ఆశ పోతది, చేస్తే సార్ పరేషాన్ అయితరు. ఎవరినడగాలె? ఇసొంటివి అడిగేది సార్‌నే.

ఆఖరుసారి పోయినప్పుడు ట్యాబ్ సంచిలకెల్లి తీయలే. మంచం పక్కన కూసున్న, అంతే. ఏమన్న మాట్లాడుదామంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయిన. సార్ నా దిక్కు చూసిండ్రు. మెల్లగ ఎడమ చెయ్యి చాపి పక్కనున్న ఆ స్టీలు బాటిల్ అందుకొని, మోకాళ్ళ నడుమ పెట్టి అదిమి, బొటనవేలితోని మూత లేపిండ్రు. తాగితే సగం నీళ్ళు అంగీ మీద పడ్డయి. తుడువబోతే తలకాయ అడ్డంగ ఊపిండ్రు. మూత పెట్టి, నా మొకం దిక్కు చూసుకుంట ఆగిండ్రు. క్లాసుల ఆగినట్టే. సార్ నన్ను ఏదో అడిగిండ్రు. ఏం అడిగిండ్రో నాకు తెల్వలే. ఎట్లున్నవనా, ఎందుకేడుస్తున్నవనా, నాకు మాటొస్తదా అనా? మల్ల ఒకసారి మూత తీసి తాగిండ్రు, నేను జవాబు వెతుక్కుంటున్ననని. ఛాయ్ అయింది రమ్మని అమ్మ పిలిచింది, లేచిపోయిన. సార్‌ను నేను చూసుడు అదే ఆఖరు.

మొన్న సార్ ఇంట్ల జ్ఞాపకార్థ కూడిక అయింది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి పోయినంక, చుట్టాలంత సర్దుకున్నంక, అమ్మ నా పక్కకొచ్చి కూసున్నది. సార్ గొంతు వినాలని ఉన్నదన్నది. "నా పేరు దాంట్ల ఏడన్న ఉన్నదా బిడ్డా? కుక్కర్ బందు చేయుమని పిలిచేటోళ్ళు గదా" అని అడిగింది. స్టూడియో ఆయనకు అప్పటికప్పుడు ఫోన్ చేసిన. పాఠం తయారైనంక పాత రికార్డులు ఎవరు దాచుకుంటరు మేడం, ఎప్పుడో తీసేసిన అన్నడు. లేదమ్మా అని చెప్పిన. సరే ఉన్నదే పెట్టు అన్నది.

ట్యాబ్ ఆమె ఒళ్ళె పెట్టి నొక్కిన. చెంబు బొమ్మ వచ్చింది. "ఇదేందో చెప్పుండ్రి" అన్నరు సార్. టక్కున మూత తీసిన చప్పుడు, గుటక. ఏనాడూ ఆగలేకపోయిన అమ్మ ఈసారి నోరు మెదపకుంట, చేతులు కట్టుకొని, బడి పిల్ల లెక్క కూసున్నది. రెండో టక్ అయినంకనే నోరు తెరిచింది.

"చెంబు" అన్నది.

"సరే, ఇంకోటి చూద్దాం" అన్నరు సార్. బొమ్మ మారి నాగలి వచ్చింది.

అమ్మ ట్యాబ్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "సరిగ్గనే చెప్పిన గదా బిడ్డా? ఏమనరేంది?" అని అడిగింది.

నువ్వు పక్కన కూసోని మెచ్చుకోవాలె అని అప్పట్ల అన్నరు సార్. పక్కనే కూసున్న. శభాష్ అందామని నోరు తెరిచిన. అంతల్నే ట్యాబ్‌ల మల్ల మూత తీసిన చప్పుడైంది. అమ్మ ముంగటికి వంగి, ఆ నాగలి బొమ్మ మీద చెయ్యేసుకొని, రెండో చప్పుడు కోసం ఎదురుచూసుకుంట కూసున్నది.