నేను మెచ్చిన డ్రమ్ములు

ఇంటర్ చదివే రోజులు. వరంగల్‌లో మా ఇంటి వెనక షెడ్డులో బాపు, అంటే మా నాన్న, సాంచెలు నడిపేవాడు; సాంచెలంటే మరమగ్గాలు. ఒక ఆదివారం అన్నయ్య అమెరికా దక్షిణాది బాణీలు కలిసిన హెవీ మెటల్ క్యాసెట్ తెచ్చి స్నేహితులకు వినిపించాడు. అందరూ అభిప్రాయాలు చెబుతున్నారు. డైరీలో తప్ప నోరు విప్పని నేను, ఈసారైనా మంచి మాట చెప్పాలని కళ్లు మూసుకుని, తల ఊపుతూ విన్నాను.

"గిటార్ కంటె డ్రమ్ములే మంచిగున్నయి. ఒక్క దెబ్బ తప్పుతలేదు," అన్నాను.

"క్యాసెట్ అయిపోయి శానసేపాయె చెల్లే. అవి బాపు సాంచెలు," అన్నాడు అన్నయ్య.

అందరూ పడీపడీ నవ్వారు. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కావడంతో నాకు తేడా తెలియలేదు.

సంగతి విని బాపు, "ఎందుకు నవ్వుతుర్రు? బిడ్డ సరిగ్గనే చెప్పింది," అన్నాడు.

సిగ్గుతో ఆ రోజు డైరీ రాయలేదు. అభిప్రాయం మాత్రం ఇప్పటికీ మార్చుకోలేదు.