ఎండిన బ్యాటరీకి లేతాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే ముందు పట్టుపురుగులకు పెట్టేవాళ్ళు. మాది సాదలి అనే ఊరు. పురుగుల ఇంట్లో తట్టలన్నిటికీ మల్బరీ ఆకు వేసి వచ్చాకే మా అమ్మ పొయ్యి వెలిగించేది. మాకు ఆకలేస్తోందని గునిస్తే, "వాటి కడుపు నిండితేనే కదమ్మా మన కడుపు నిండేది" అని మా అవ్వ నోరు మూయించేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక వేసవిలో వడగళ్ళ వాన పడింది. మా మల్బరీ తోటలో ఆకంతా చీలికలై నేలపాలైంది. సరిగ్గా అప్పుడే పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. కుబుసం విడిచే ముందు పురుగు తిండి మానేసి, తల ఎత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగోసారి లేచాక ఇక వాటి ఆకలికి అంతుండదు. లేచేసరికి ఆకు లేకపోతే పంటంతా తట్టల్లోనే చచ్చిపోతుంది.

మా అమ్మ పుట్టిల్లు కెంచార్లహళ్ళి. అక్కడ వడగళ్ళు పడలేదు. ఎంత కావాలంటే అంత ఆకు కోయించి పెడతానని మా మేనమామ కబురు పంపాడు. కానీ అంత దూరం నుంచి ఎడ్లబండిలో తెస్తే ఎండకు దారిలోనే వాడిపోతుంది. ఊరికంతటికీ ఉన్నది మా చిన్నాయన ట్రాక్టర్ ఒక్కటే.

ఆ ట్రాక్టర్ కదల్లేదు. చిన్నాయన బాగేపల్లిలో అత్తగారింటికి పోయి చాలా రోజులు ఉండిపోయి, అప్పుడే తిరిగొచ్చాడు. ఆయన లేనప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తాళం తిప్పితే కనీసం టిక్కుమని కూడా అనలేదు. బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. తోసి స్టార్ట్ చేద్దామని మగవాళ్ళంతా భుజం పెట్టారు, ఎద్దులను కట్టి లాగించారు. ఆ బురదలో చక్రాలు తిరగకుండా జారాయే తప్ప ఇంజన్ పలకలేదు.

మా నాయనకు కాలూ చేయీ ఆడలేదు. "శిడ్లఘట్టకు ఎత్తుకుపోదాం పద. ఆడ పెద్ద మిషన్ ఉండాది, గంటలో నింపిస్తారు" అన్నాడు. చిన్నాయన ససేమిరా అన్నాడు. అంతకుముందు ఒక బ్యాటరీని అట్లాగే తొందరపెట్టి నింపిస్తే, వేడికి ఉబ్బిపోయి ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆయన దగ్గర ఇటుకంత చిన్న చార్జరు ఒకటి ఉండేది. ట్రాక్టర్ పని లేకుండా నిలబడిన రోజుల్లో, నిండిన బ్యాటరీ తగ్గిపోకుండా చూసుకోవడానికి బెంగళూరులో కొన్నాడు. దాన్నే బయటికి తీశాడు.

పక్కింటి మామ పడీపడీ నవ్వాడు. "ఉగ్గుగిన్నెతో చెరువు నింపుతావేంటప్పా?"

"పురుగులు లేచేదానికి రేపు సాయంత్రమయితాది. అంతదాకా ఆకు తెచ్చి ఎవరికి పెడ్తారు మామా? ఆ టైము చాలు దీనికి" అన్నాడు చిన్నాయన.

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వకు బ్యాటరీ అంటే నల్ల పెట్టె అని మాత్రమే తెలుసు. జ్వరం నుంచి లేచిన పురుగుకు మొదట ఏం పెడతావని కొడుకును అడిగింది. లేతాకు, అదీ పల్చగా, అన్నాడు నాయన.

"మరి దీనికెందుకురా రాశి పోస్తానంటాండావు?"

నాయన తానే పోయి ట్రాక్టర్ నుంచి బ్యాటరీ విప్పి తెచ్చాడు.

బ్యాటరీ యాసిడ్ వాసన తగిలితే పురుగులు తట్టుకోలేవని చిన్నాయన బ్యాటరీని వాటికి దూరంగా, పశువుల పాక పక్కన గాలి ఆడే చోట పెట్టాడు. మూతలు విప్పి, లోపలి పలకలు మునిగేంత వరకే నీళ్ళు పోశాడు. చార్జరు తగిలించి పక్కనే కూర్చున్నాడు. నిండిన బ్యాటరీకి అలవాటైన ఆ చిన్న పెట్టె, ఎండిన దాని దాహానికి తానే వేడెక్కిపోయేది. అప్పుడు ఆపేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేసేవాడు. మధ్యలో కరెంటు పోతే మేమంతా పాక దగ్గరికి పరిగెత్తాం. ఆయన మాత్రం దానికీ మనకీ విశ్రాంతి కావాలి కదా అని బీడీ పట్టుకుని రోడ్డు మీదికి పోయి తాగి వచ్చాడు. మా చిన్నాయన అంత గొప్పవాడు లోకంలో లేడని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నానికి కొన్ని పురుగులు ముందే లేచాయి. ఆకు కోసం అటూ ఇటూ తల ఊపుతుంటే చూడలేక, అమ్మ తోటంతా వెతికి చీరకొంగులో నాలుగు ఆకులు ఏరుకొచ్చింది. అవ్వ పురుగుల ఇంటి గడపకు అడ్డం నిలబడింది. ముందు లేచినవాటికి పెడితే అవి ముందు పెరిగి, పంట ఎగుడుదిగుడవుతుంది. అన్నీ లేచేదాకా ఆగాలి. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే సమయంలో నాయన ట్రాక్టర్ తాళం తీసుకున్నాడు. చిన్నాయన ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఇంకొంచేపు ఆగన్నా. ఉన్న నాలుగు చుక్కలూ ఇప్పుడే తిప్పి పోగొడితే మళ్ళా మొదటికొస్తాం."

అవ్వ ఆ గడపలో, ఆమె చిన్నకొడుకు ఈ పాకలో. ఇద్దరూ ఒకే కాపలా కాస్తున్నారని నాకు అర్థమైంది.

ఎండ కాస్త వాలాక చిన్నాయన బ్యాటరీని బిగించి, దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి మూలిగింది. రెండోసారి గట్టిగా దగ్గి అందుకుంది. నవ్విన మామే ముందుగా ట్రాలీ ఎక్కాడు. దీపాలు పెట్టే వేళకు తడి గోనెలు కప్పిన ఆకు మా వాకిట్లో దిగింది. అప్పటికి పురుగులన్నీ లేచి ఉన్నాయి. ఆకు కుప్పలు కుప్పలుగా ఉన్నా అవ్వ మొదట లేతాకు ఏరి, పల్చగా చల్లింది. అవి తింటున్న చప్పుడు వింటూ అమ్మ గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయింది.

తర్వాత ఎన్నో ఏళ్ళకు నా భర్త పోయాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఓదార్పు కుమ్మరించి పోయారు. ధైర్యంగా ఉండమన్నారు, పిల్లల్ని చూసుకోమన్నారు, దేవుడి లీల అన్నారు. ఒక్క మాటా నా లోపలికి పోలేదు. చిన్నాయన అప్పటికి ముసలివాడైపోయాడు. కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "కాఫీ తాగినావా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. సగం గ్లాసు తాగించి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ పై రోజు కూడా వచ్చాడు. ఒకరోజు ఆయన అడగకముందే నేనే పొయ్యి వెలిగించి, ఇద్దరికీ కాఫీ కలిపాను.

ఇప్పుడు దుఃఖంలో ఉన్న ఇంటికి పోతే నేను ఎక్కువ మాట్లాడను. ఒక్క మాట అడిగి, కాసేపు కూర్చుని వచ్చేస్తాను. కానీ మర్నాడు తప్పకుండా మళ్ళీ పోతాను.